ఈఫిల్‌కి సీటు రాని కాలేజీ

పారిస్ వెళ్లినవాళ్లంతా ఈఫిల్ టవర్ దగ్గర ఫొటో దిగుతారు. ఈసారి మీరు దిగితే ఆ ఫొటోని కాస్త జూమ్ చేసి చూడండి. మొదటి అంతస్తు కింద, నాలుగు వైపులా బంగారు రంగు అక్షరాల్లో వరసగా పేర్లుంటాయి. మొత్తం 72. అందరూ సైంటిస్టులు, ఇంజినీర్లు. కోషీ, ఫ్రెనెల్, పాయిసాన్, కోరియోలిస్, నేవియర్... ఇంటర్ ఎంపీసీలోనో బీటెక్‌లోనో మనల్ని నిద్రపోనివ్వని పేర్లే. ఇప్పుడు చెప్పిన ఐదుగురూ ఒకే కాలేజీలో చదివారు. ఆ కాలేజీ పేరు ఎకోల్ పాలిటెక్నిక్.

పాలిటెక్నిక్ అనగానే మనకి పాలీసెట్, టెన్త్ తర్వాత మూడేళ్ల డిప్లొమా గుర్తొస్తాయి. అది కాదిది. ఫ్రాన్స్‌లో ఇంజినీరింగ్ చదవాలనుకునే పిల్లలు కలలో కూడా వదలని ప్రభుత్వ కాలేజీ. ముద్దుపేరు 'ఎక్స్'. ఏటా సుమారు నాలుగు వందల మంది ఫ్రెంచ్ విద్యార్థులు, వంద మందికి పైగా విదేశీయులు, అంతే సీట్లు.

ఇక అసలు విషయం. ఆ టవర్‌కి తన పేరు పెట్టుకున్న గుస్తావ్ ఈఫిల్ కూడా ఈ కాలేజీకే ప్రిపేరయ్యాడు. సీటు రాలేదు. ఎకోల్ సెంట్రాల్ అనే ఇంకో కాలేజీలో చేరాడు, కెమిస్ట్రీ వైపు చదివి 1855లో డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత ఇనుముతో ఏం చేశాడో మీ ఫొటోలోనే ఉంది. తనని తీసుకోని కాలేజీ వాళ్ల పేర్లు తన టవర్ మీద తనే రాయించాడన్నమాట. ఈ సంగతి తెలిశాక నాకు ఆ కాలేజీ చూడాలనిపించింది.

కొండ మీద పాత ఇల్లు

చూడాలంటే ముందు లాటిన్ క్వార్టర్‌కి వెళ్లాలి. పారిస్ మధ్యలో, పాంథియోన్ గుమ్మటం వెనక చిన్న కొండ. రోడ్లు ఇరుకు, కాఫీ ఖరీదు. అక్కడ రూ దెకార్త్ అనే వీధిలో ఉన్న పాత భవనాల్లోనే 1805 నుంచి 1976 దాకా ఈ కాలేజీ నడిచింది. పుట్టింది మాత్రం అంతకు ముందే, 1794లో, విప్లవం ఇంకా వేడి మీద ఉండగా. దేశానికి వంతెనలు, కోటలు, రోడ్లు కట్టేవాళ్లు కావాలి; రాజుల కాలంలోలా పెద్దింటి బిడ్డ అని కాకుండా, లెక్కలొచ్చిన బిడ్డని పరీక్ష పెట్టి తీసుకుందామన్నది ఆలోచన. 1804లో నెపోలియన్ దాన్ని మిలిటరీ కాలేజీగా మార్చాడు. ఇప్పటికీ అది రక్షణ శాఖ కిందే ఉంది. పాత భవనాల్లో ప్రస్తుతం ఉన్నత విద్యా మంత్రిత్వ శాఖ ఉంటోంది. పక్కనే చతురస్రంగా ఒక తోట, బెంచీలు. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే సోర్బోన్ ఎదురుగా లిసే లూయీ ల గ్రాన్ కనిపిస్తుంది. పొడుగాటి గోడ, పెద్ద తలుపు. మనవాళ్లు ఆగి చూడాల్సింది దీన్నే. ఎందుకంటే ఇది కోచింగ్ సెంటర్ లాంటిది, కానీ గవర్నమెంటు స్కూలు!

ఫ్రాన్స్‌లో ప్లస్ టూ లాంటి 'బాక్' అయ్యాక, పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలకి వెళ్లాలనుకునేవాళ్లు రెండేళ్లు 'ప్రెపా' అనే క్లాసుల్లో చేరతారు. రోజంతా లెక్కలు, ఫిజిక్స్. హాస్టల్, హోంవర్కు, ర్యాంకులు, నిద్రలేమి. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీల్లో చదివినవాళ్లకి వర్ణించి చెప్పక్కర్లేదు. తేడా ఏంటంటే ఈ క్లాసుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ లిసేల్లోనే నడుస్తాయి. లక్షల ఫీజుండదు. పేరున్న ప్రైవేటు ప్రెపాలూ లేకపోలేదు. కానీ మొదటి వరసలో ఉన్నవాటిలో సర్కారు బడులే చాలా ఉన్నాయి. హోర్డింగుల మీద పిల్లల ఫొటోలు వేసి 'ఒకటీ ఒకటీ రెండూ రెండూ' అని అరిచే యాడ్స్ నాకైతే అక్కడ ఎక్కడా కనబడలేదు.

రెండో తేడా 'ఖోల్'. దాదాపు ప్రతివారం ముగ్గురేసి పిల్లల్ని ఒక టీచరు పిలుస్తారు. ఒక్కొక్కరికీ బోర్డు మీద కొంత జాగా, చేతిలో చాక్‌పీసు, ఒక ప్రశ్న. గంటసేపు అక్కడే నిలబడి, ఆలోచిస్తున్నదంతా పైకి చెబుతూ చెయ్యాలి. ఇరవైకి మార్కులు. ఆన్సరు తట్టకపోతే ఎలా వెతుకుతున్నావో చూస్తారు. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి మూడోది గీకే పని ఇక్కడ నడవదు.

మూడు బై రెండు, ఐదు బై రెండు

ఈ పిల్లల భాషలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఎంపీసీ వాళ్లు ఫోన్ పక్కన పెట్టి లెక్క వేసి చూసుకోండి.

కాలేజీ ముద్దుపేరు ఎక్స్ కదా. ఫ్రెంచ్‌లో కాలేజీలో చేరడాన్ని 'ఇంటిగ్రేట్' అవడం అంటారు. మొదటి ఏడాది, రెండో ఏడాది పూర్తి చేసి మొదటి ప్రయత్నంలోనే సీటు కొడితే... ఎక్స్‌ని 1 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చేసినట్టు. ఎంతొస్తుంది? నాలుగులోంచి ఒకటి తీసేసి సగం చెయ్యండి. 3/2. అందుకే వాళ్లని 'మూడు బై రెండు'లంటారు. సీటు రాక రెండో ఏడాదినే మళ్లీ చదివి కొట్టినవాళ్లకి 2 నుంచి 3 దాకా. తొమ్మిదిలోంచి నాలుగు తీసేస్తే ఐదు, సగం చేస్తే 5/2. వాళ్లు 'ఐదు బై రెండు'లు.

అంటే మన లాంగ్ టర్మ్ వాళ్లన్నమాట. మన దగ్గర లాంగ్ టర్మ్ అంటే చుట్టాల పెళ్లికి వెళ్లడం కూడా మానేస్తారు, ఎవరైనా 'ఏం చదువుతున్నావమ్మా' అని అడుగుతారేమోనని. అక్కడ దానికొక లెక్క ఉంది, ఆ లెక్కకి ఒక జోకు ఉంది. పైగా ఒకే సీజన్లో ఎక్స్‌తో పాటు మీన్, పోన్, సెంట్రాల్ లాంటి కాలేజీల పరీక్షలన్నీ రాస్తారు కాబట్టి ఎక్స్ పోతే అంతా పోయినట్టు కాదు. ఏడుపులు లేవని కాదు. ఒత్తిడి గురించి అక్కడా మాట్లాడుకుంటారు. కానీ మన దగ్గర ఇంటర్ రిజల్ట్స్ మర్నాడు పేపరు తెరవాలంటే ఎంత భయమేస్తుందో తెలిసినవాళ్లకి ఈ జోకు విలువ అర్థమవుతుంది.

ఈ పరీక్ష ఎవరినైనా న్యాయంగా తూస్తుందా అంటే, ఎవారిస్త్ గాల్వా సంగతి చూడండి. లూయీ ల గ్రాన్ విద్యార్థి. 1828లో ఎక్స్ ఎంట్రన్స్ రాశాడు, పోయింది. 1829లో మళ్లీ, మళ్లీ పోయింది. 1832లో ఒక ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు. అతను వదిలిన కాగితాల్లోంచి వచ్చిన గణితాన్ని ఇప్పుడు ప్రపంచమంతా గాల్వా థియరీ అని చదువుతోంది, ఎక్స్‌లో కూడా.

గాల్వాకి పరీక్ష రాసే చాన్సయినా ఉంది. సోఫీ జెర్మేన్‌కి అదీ లేదు. కాలేజీ మొదలైనప్పుడు ఆవిడకి పద్దెనిమిదేళ్లు. ఆడపిల్లల్ని రానివ్వరు. దాంతో లెక్చర్ నోట్సు సంపాదించి చదువుకుంది. లెబ్లాన్ అనే మగపేరుతో రాసిన జవాబులు ప్రొఫెసర్ లాగ్రాంజ్‌కి పంపించింది. ఆయన మెచ్చుకుని ఈ కుర్రాడెవరని ఆరా తీస్తే అమ్మాయని తేలింది. ఈఫిల్ టవర్ మీద టవర్ కట్టినప్పుడు రాయించిన ఆ 72 పేర్లలో ఆవిడది లేదు. ఏ ఆడమనిషిదీ లేదు. ఎక్స్ తలుపు అమ్మాయిలకి తెరుచుకోవడానికి 1972 దాకా పట్టింది. ఆ ఏడాది ఏడుగురు చేరారు. మొత్తం ఎంట్రన్స్‌లో ఫస్ట్ ర్యాంకు ఎవరిదనుకున్నారు? ఆన్ షోపినే అనే అమ్మాయిది.

మెట్లెక్కితే ఎక్స్

1976లో కాలేజీని పారిస్ బయట పలేజో అనే ఊరికి మార్చారు. లాటిన్ క్వార్టర్‌లోని లుక్సెంబర్గ్ స్టేషన్లో ఆర్‌ఈఆర్ బి లోకల్ ట్రైన్ ఎక్కి లోజేర్‌లో దిగాలి. అరగంట పైన పడుతుంది. బుద్ధిమంతులు దానికి ముందున్న మాసీ పలేజోలోనే దిగి బస్సెక్కుతారు. లోజేర్‌లో దిగితే ఎదురుగా అడవి, అందులోంచి పైకి దాదాపు మూడొందల మెట్లు. అలిపిరి నడిచినవాళ్లకి ఇదో లెక్క కాదు గానీ, వర్షంలో తడిసిన ఆకుల మీద కాస్త జాగ్రత్త.

పైన ప్లేటో. విశాలమైన పొలాలు, ఆపకుండా గాలి, మధ్యలో కాంక్రీటు, గాజు భవనాలు, చిన్న చెరువు, బాతులు. అందంగా ఉందని చెప్పను. లాటిన్ క్వార్టర్ వదిలి ఇక్కడికొచ్చినప్పుడు పిల్లలు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించుకోగలను. ఇప్పుడు చుట్టుపక్కల ఇంకా చాలా కాలేజీలు, ల్యాబులు వచ్చాయి. అయినా సాయంత్రం ఏడు దాటితే గాలి చప్పుడే.

నన్ను తిప్పి చూపించింది గుంటూరు వైపు అబ్బాయి. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేసినా అనుకున్న ర్యాంకు రాలేదు. ఇండియాలోనే డిగ్రీలో చేరి, అక్కడి నుంచి ఎక్స్‌కి అప్లై చేశాడు. విదేశీయులకి ప్రెపా అక్కర్లేని వేరే దారి ఉంది. పరీక్షలు, ఇంటర్వ్యూలు మాత్రం తప్పవు.

"ఇంటర్వ్యూలో బోర్డు దగ్గర నిలబెట్టారన్నా. ఆన్సర్ రాశాను. అయిపోయిందనుకున్నా. 'ఇప్పుడు ఈ షరతు తీసేస్తే ఏమవుతుంది?' అన్నారు. మనకి ఆన్సర్ రాగానే పేజీ తిప్పడం అలవాటు కదా. వీళ్లకి ఆన్సర్ వచ్చాకే మొదలు."

"మరి ఐదు బై రెండు జోకు తెలుసా?"

"తెలీకపోవడమేంటన్నా! నేను లాంగ్ టర్మ్ అని చెప్తే మా ఫ్లోర్ వాళ్లు 'అయితే నువ్వూ 5/2 వే' అని చెయ్యి కలిపారు. మా ఊళ్లో ఇప్పటికీ మా నాన్న ఆ ఏడాది గురించి ఎవరికీ చెప్పడు."

వాళ్ల ఫ్లోర్ అంతా ఫెన్సింగ్ వాళ్లే. ఎక్స్‌లో వారానికి ఆరు గంటలు ఆటలు తప్పనిసరి. ఎవరు ఏ ఆట ఎంచుకుంటే ఆ ఆట వాళ్లంతా కలిసి ఉంటారు. ఇంటర్ రెండేళ్లూ గ్రౌండ్ మొహం చూడని ఈ తమ్ముడు ఇప్పుడు ముసుగేసుకుని కత్తి తిప్పుతున్నాడు. ఇంకో కత్తి కూడా ఉంది, పెద్ద యూనిఫాంతో పాటు ఇచ్చేది. నల్ల కోటు, బంగారు రంగు బొత్తాలు, రెండు కొనల టోపీ, నడుముకి కత్తి. ఆ కత్తికి వాళ్లు పెట్టుకున్న పేరు 'టాంజెంట్'. లెక్కల వాళ్లతో ఇదే తంటా. జులై 14న షాంజెలిజే పరేడ్‌లో ఆ టోపీలే కనిపిస్తాయి.

ఫ్రెంచ్ విద్యార్థులు ఆఫీసర్ హోదాలో ఉంటారు. ఫీజు లేదు సరికదా, నెలనెలా జీతం వస్తుంది. ఊరికే కాదు. చదువయ్యాక నిర్ణీత కాలం ప్రభుత్వ సేవ చెయ్యకుండా కంపెనీలకి వెళ్లిపోతే డబ్బు తిరిగి కట్టాలి. ఆ డబ్బుని 'పాంతూఫ్ల్' అంటారు, అంటే ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. మంచి ర్యాంకుతో ప్రభుత్వ ఇంజినీర్ల సర్వీసుల్లోకి వెళ్తే అది 'బోత్', బూటు. చెప్పులా, బూట్లా అన్నది చివరి ఏడాది ర్యాంకు లిస్టు చూసుకుని తేల్చుకుంటారు. విదేశీయులకి జీతం లేదు, ఫీజు ఉంది. స్కాలర్‌షిప్ దొరికితే గట్టెక్కొచ్చు.

ఇంత బాగున్న చోట నాకు మింగుడుపడనిది ఒకటుంది. పరీక్ష అందరికీ ఒకటే, ఓరల్స్ కూడా ఎవరైనా వచ్చి చూడొచ్చు. అయినా లోపలికొచ్చేవాళ్లలో టీచర్ల పిల్లలు, పెద్ద ఉద్యోగుల పిల్లలే ఎక్కువ. పేదింటి నుంచి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. అమ్మాయిలు యాభై ఏళ్లు దాటినా ఐదో వంతుకు అటూ ఇటూగానే ఉన్నారు. దీని మీద ఫ్రాన్స్‌లో ఎప్పుడూ గొడవే. ప్రెపా ఫ్రీయే. కానీ ఏ లిసేకి ఎప్పుడు అప్లై చెయ్యాలో పదిహేనో ఏట చెప్పేవాళ్లు ఇంట్లో ఉండాలి కదా. మన జిల్లా పరిషత్ హైస్కూళ్ల పిల్లలకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

"నువ్వెలా తెలుసుకున్నావు?" అనడిగాను.

"సీనియర్ ఒకడు చెప్పాడన్నా. వాడు చెప్పకపోతే నాకూ పాలిటెక్నిక్ అంటే డిప్లొమాయే."

ఆ రోజు ఆదివారం. మేం తిరిగేసరికే మధ్యాహ్నమైంది. ఆర్‌ఈఆర్ బి లైను మీదే గార్ ద్యు నోర్ స్టేషన్ ఉంది. దాని వెనక లా షపెల్ వీధుల్లో తమిళుల షాపులు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ఇద్దరం వెళ్లాం. పది కిలోల బియ్యం బస్తా కొన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మాసీలో దిగి బస్సెక్కుదాం తమ్ముడూ అంటే వినలేదు. బస్సుకి ఇరవై నిమిషాలుంది, మెట్లయితే పదే నిమిషాలన్నాడు. లోజేర్‌లో దిగి బస్తా భుజానికెత్తుకుని ముందు నడిచాడు. పప్పు సంచి నాకిచ్చాడు.