కదిలే పంటికి ఎముక మళ్లీ వస్తుందా?

పెదపాడు చుట్టుపక్కల పన్ను కదిలిందంటే పీకించేయడమే. గార తీయిస్తే పళ్లు వదులైపోతాయన్న భయం ఇంకా పోలేదు. నిజానికి ఆ గార పట్టిన చోటే సూక్ష్మజీవులు చేరి చిగురు వాస్తుంది, పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది. అప్పటికే జరిగిన నష్టం గార తీశాక బయటపడుతుంది, అంతే.

చేపల చెరువు పని చేసే మా బాబాయికి కింది దవడ పన్ను కదులుతుంటే, పీకించే ముందు ఒకసారి చూపిద్దామని ఏలూరు దగ్గర దుగ్గిరాలలోని సెయింట్ జోసెఫ్ డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. చిగుళ్ల విభాగంలో డాక్టరమ్మ మిల్లీమీటరు గీతలున్న సన్నటి పుల్లను చిగురు పక్కన దించారు. 3 వరకూ దిగితే పరవాలేదు. బాబాయికి 7 దిగింది.

ఎక్స్‌రే దీపం ముందు పెట్టి ఆవిడ చెప్పింది అందరికీ తెలియాల్సిన మాట. ఎముక చుట్టూ సమంగా అరిగిపోతే తిరిగి పెంచే మార్గం దాదాపు లేదు. పంటి పక్కన గుంటలా దిగితేనే ఆశ. గుంటకు మూడు వైపులా ఎముక గోడ మిగిలితే మరీ మేలు. 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు కూడా, శుభ్రం చేశాకా లోతు తగ్గని చోట గుంట 3 మి.మీ. లేదా అంతకు మించి ఉంటేనే ఎముకను తిరిగి పెంచే చికిత్సలు చేయమంటాయి.

చికిత్సలు నాలుగు తోవల్లో నడుస్తాయి. చిగురు కణాలు ఎముక కన్నా వేగంగా గుంటలోకి దిగిపోతాయి కాబట్టి మధ్యలో పల్చటి పొర అడ్డం పెట్టడం ఒకటి. 1982లో స్వీడన్‌లో నైమన్ బృందం మనిషి పంటి మీద ఇది చేసి చూపించింది. ఎముక పొడి నింపడం ఇంకొకటి. మూడోది, పంది పిల్లల దంతాంకురాల నుంచి తీసిన ప్రోటీన్ జెల్. పొడుల్లో కొన్ని ఆవుజాతి ఎముకతో చేసినవి. ఏది ఎక్కడిదో రోగికి ముందే చెప్పి తీరాలి. మన దగ్గర అది చిన్న విషయం కాదు.

నాలుగోది పక్క కుర్చీలో చూశాను. చేతి నుంచి నెత్తురు తీసి, మందేమీ కలపని గొట్టంలో పోసి, గడ్డకట్టకముందే యంత్రంలో పెట్టి తిప్పారు. బయటికి తీస్తే అడుగున ఎరుపు, పైన పచ్చటి నీరు, మధ్యలో పాలిపోయిన జున్నులాంటి ముద్ద. దాన్ని రెండు పలకల మధ్య నొక్కితే పల్చటి పొరైంది. ఇదే పీఆర్‌ఎఫ్, 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ తెచ్చిన పద్ధతి. బెంగళూరు ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఎ.ఆర్. ప్రదీప్ బృందం దీన్ని ఇలాంటి ఎముక గుంటల్లోనే పరీక్షించి, మామూలు ఆపరేషన్ కన్నా మెరుగని 2011లో చూపింది.

"అయితే నా నెత్తురే నాకు మందా?" అన్నాడు బాబాయి.

"అవునండీ. కానీ ముందు షుగర్ అదుపులోకి రావాలి, చుట్ట మానాలి."

పొర పెట్టినా, జెల్ వేసినా, ఉత్త ఆపరేషన్‌తో పోలిస్తే పంటి పట్టు సగటున అదనంగా పెరిగేది దాదాపు 1 మి.మీ. చాలా పళ్లకు వేరే పదిహేను మి.మీ. లోపు, అందులో ఒక్కటి తక్కువేం కాదు. ఖరీదైనదే గెలుస్తుందని పరిశోధనలు చెప్పడం లేదు కాబట్టి, మా ఊళ్లకు నేనైతే నెత్తుటి పొరనే ముందు అడుగుతాను, గుంట పెద్దదైతే పొడితో కలిపి. బాబాయి గుంటకు మూడు గోడలూ ఉన్నాయి. గార తీశారు. షుగర్ పరీక్ష రాశారు. చిగురు వాపు తగ్గాక మళ్లీ కొలిచి, అప్పటికీ లోతు తగ్గకపోతేనే ఆపరేషన్. ఎముక నిండిందో లేదో తెలియడానికి ఆ తర్వాత ఆరు నెలలైనా పడుతుందన్నారు.