సామాన్లతో ఒక ఇంగ్లీషు పాఠం



దుబాయ్ నుంచి వస్తున్న మా బాపును తీసుకురావడానికి నిరుడు శంషాబాద్ వెళ్లాను. 2008లో మొదలైన ఆ విమానాశ్రయానికి మెట్రో ఇంకా రాలేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులో సికింద్రాబాద్ జేబీఎస్ చేరి, రాత్రికి దగ్గర్లోని హోటల్లో ఉండి, పొద్దున సిద్దిపేట బస్సు ఎక్కాలి. మా సామాను తాళ్లు కట్టిన రెండు అట్టపెట్టెలు, ఒక సూట్‌కేసు.

బోర్డులు చదివి దారి చూపింది నేనే. కానీ బస్సులో పెట్టెలు ఎక్కడ పెట్టాలి, ఆటోకు ఎంత, గదికి ఎంత, ఇవన్నీ అడిగింది ఏడో తరగతితో చదువు ఆపిన బాపే. హిందీ, తెలుగు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కలిపి, మొహమాటం లేకుండా మాట్లాడారు.

నా క్లాసులో ఇంగ్లీషు పాఠం గడగడా చదివే పిల్లలున్నారు. అదే ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడగమంటే తల దించుకుంటారు. తప్పు పోతే నవ్వుతారని వాళ్ల భయం.

ఈసారి ఊరెళ్లినప్పుడు బస్సు సంగతి కనుక్కోవడం, హోటల్ కౌంటర్లో మాట్లాడటం, బ్యాగులు లెక్కపెట్టడం మీ పిల్లలకు అప్పగించండి. మీరు పక్కనే ఉండండి. మాట తడబడినా నలుగురి ముందు సరిదిద్దకండి. తిరిగొచ్చాక ఏం అడిగారో క్లాసులో నాకు చెప్పమనండి.