టోకియోలో రోగమువచ్చినచో

జపాను దేశమనగానే చెఱ్ఱీపూలను, ఫూజీ పర్వతమును వర్ణించుట పరిపాటి. మేము వానిని విడిచి, పరదేశమున బిడ్డకు జ్వరము తగిలినపుడు తల్లి యేమి చేయునో దానిని వ్రాయుచున్నాము.

మావారి యుపాధ్యాయవృత్తి కారణమున మేముండునది టోకియో నగరమందలి నిషికసాయి. భారతీయ కుటుంబము లిచ్చట మెండు. కందిపప్పును చింతపండును దొరకును. వైద్యుడు మాటాడునది మాత్రము జపాను భాషయే.

మూడు మాసములకు మించి నివసింప వచ్చిన విదేశీయులును ఇచ్చట ఆరోగ్యబీమాలో జేరి తీరవలెను. పెద్దలు సాధారణముగా వైద్యవ్యయమున నూటికి 30 వంతులు చెల్లింతురు. టోకియో 23 విభాగములందు 2023 ఏప్రిలు మొదలు హైస్కూలు వయస్సు వఱకు గల పిల్లలకు ఆ వంతును గూడ పురపాలకులే భరించుచున్నారు. ఇది వినగానే మావారు "కట్టిన పన్నులు ఊరక పోలేదే!" యనిరి.

పోయిన శీతకాలమున మా చిన్నవాని యొడలు అర్ధరాత్రమున పెనమువలె కాలినది. జపాను భాష నెఱిగిన పొరుగింటి వదినగారు హాష్ గుర్తు నొక్కి 8000 సంఖ్యకు ఫోను చేసిరి. రాత్రులందు పిల్లల జబ్బులకు సలహా నొసగుటకై యేర్పఱచినది యిది. నీళ్లు త్రాగుచున్నాడా, పిలిచిన బలుకుచున్నాడా, మూత్రము వచ్చినదా యని యొక నర్సు నెమ్మదిగా నడిగి, తెల్లవాఱు వఱకు ఆగవచ్చుననియు, ఫిట్లు వచ్చినచో తత్క్షణమే 119కి చెప్పి అంబులెన్సును రప్పింపుడనియు బలికెను. ఆ రాత్రి మాకు యుగముగా గడచినది.

ఉదయమున ముందుగా ఫోను చేసి చికిత్సాలయమునకు బోతిమి. వాకిట చెప్పులు విడిచి వారిచ్చు స్లిప్పర్లు తొడుగుకొనవలెను. పిమ్మట ప్రశ్నపత్రము. నొప్పి యన్న జాలదు, ఎట్టి నొప్పియో చెప్పవలెను. జపానువారు పోటును 'జుకిజుకి' యనియు, సూదులు గ్రుచ్చినట్లున్న 'చికుచికు' యనియు, తలలో సమ్మెట మోదినట్లున్న 'గన్‌గన్' యనియు నందురు. చుఱచుఱ, జివజివ యను మాటలతో బెరిగిన మనకివి యిట్టే పట్టుబడును. వదినగారు ముందే నేర్పియుండుటచే, తల పట్టుకొని యేడ్చుచున్న బిడ్డను జూపి "గన్‌గన్" అంటిమి. వైద్యుడు తల యూచెను. సంవత్సరము పొడుగున వల్లించిన వ్యాకరణము వలన గలుగని ధైర్యము ఆ యొక్క మాటవలన గలిగినది!

ముక్కులో పుల్ల పెట్టి పరీక్షించి ఇన్‌ఫ్లుయెంజా యని తేల్చిరి. మందుల యంగడివారు ఇచ్చిన మందుల పేర్లన్నియు 'ఒకుసురి తెచో' యను చిన్న పుస్తకమున నంటింతురు. ఏ వైద్యుని యొద్దకు బోయినను దానిని చూపవలెను. గర్భవతులకు వేఱొక పుస్తకము గలదు. 1948 నుండి తల్లికిని బిడ్డకును గలిపి యొకటే. ఆంగ్లము మొదలగు పరభాషలందును ముద్రింపబడుచున్నది. మన దేశమున వేయించిన టీకాల చీటిని దానితో జేర్చి యుంచుకొనుట మేలు.

జబ్బు మొదలై అయిదు దినములును, జ్వరము తగ్గి రెండు దినములును గడచినగాని ఇచ్చట బాలురను బడికి రానీయరు. మూడవనాటికే లేచి యాడుకొనుచున్న మావాడు ఈ నియమమును మిగుల మెచ్చుకొనెను.