టక్కుమన్న బండి ఏం చెబుతోంది?

మైదుకూరులో కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు, ప్రొద్దుటూరు నుంచి బద్వేలుకు పోయే రోడ్డు కలుస్తాయి. పసుపు, ఉల్లిగడ్డలు, కూలిజనం, బడిపిల్లలు ఎవరు కదలాలన్నా ఆటోలే దిక్కు. మా సుగాలి తండాలో ఎద్దులు తగ్గి ఆటోలు పెరిగాయి. వాటికి రిపేరు చేసి నేను బతుకుతున్నాను. తెల్లారకముందే ఫోను మోగిందంటే ఎక్కువగా ఇదే మాట: "అన్నా, సెల్ఫ్ కొడితే టక్కుమంటాంది గానీ స్టార్ట్ గాల్యా."

నేను వెంటనే అడిగేది ఒకటే. "ఒక్క టక్కా, టకటకానా?"

ఆ శబ్దం చేసేది సోలినాయిడ్. సెల్ఫ్ మోటారు మీద చిన్న డబ్బాలాగా ఉంటుంది. తాళం తిప్పగానే అది అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ పళ్లచక్రాన్ని ఫ్లైవీల్‌కు తగిలించి, బ్యాటరీ నుంచి మోటారుకు పెద్ద కరెంటు దారి తెరుస్తుంది. సోలినాయిడ్ లాగడానికి కొద్ది కరెంటు చాలు. డీజిల్ ఇంజన్ను తిప్పాలంటే మోటారుకు దానికి ఎన్నో రెట్లు కావాలి. అందుకే కొనఊపిరితో ఉన్న బ్యాటరీ కూడా టక్కుమనిపిస్తుంది, ఇంజన్ను మాత్రం కదిలించలేదు.

టకటకమని కొట్టుకుంటే ముందు బ్యాటరీ వైపు చూడాలి. సోలినాయిడ్ లాగగానే మోటారు బరువు పడి వోల్టేజి పడిపోతుంది, కడ్డీ వెనక్కి పోతుంది. బరువు తీరగానే వోల్టేజి లేస్తుంది, కడ్డీ మళ్లీ లాగుతుంది. ఆ పెనుగులాటే మనకు వినిపించేది.

తరువాత హెడ్‌లైటు వేసి సెల్ఫ్ కొట్టాలి. వెలుగు చచ్చిపోతే బ్యాటరీ డౌనయి ఉంటుంది, లేదా టెర్మినళ్ల దగ్గర చిలుము పట్టి ఉంటుంది. మోటారో ఇంజనో పట్టేసినా వెలుగు పడిపోతుంది. వెలుగు అట్లే ఉండి ఒక్క టక్కుతో ఊరుకుంటే సోలినాయిడ్ కాంటాక్టులు, మోటారు కార్బన్లు, ఇంజను ఎర్తు వైరు చూడాలి.

మీటరు ఉంటే పని ఇంకా సులువు. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 కిందికి దిగితే చార్జి అయిపోయినట్టే. ఎర్తు పరీక్షకు మీటరు ఒక కడ్డీని బ్యాటరీ మైనస్ బొడిపె మీద, ఇంకొకటి ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు దాటితే ఎర్తు బాగాలేదు. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దరిదాపుల్లో రాకపోతే చార్జింగ్ లేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజులకు మళ్లీ టక్కుమంటుంది.

ఇవి చూడకుండా బ్యాటరీ మార్చమనేవాళ్లు ఉంటారు. కంతులు కట్టే మావాళ్లకు బ్యాటరీ అంటే చాలా రోజుల కూలి. ఒకసారి నడిరాత్రి మా తండాలో నొప్పులు పడుతున్న ఒక కోడలిని ఆటోలో కూర్చోబెట్టారు. బండి టక్కుమంది, ఆగింది. లైటు ఆరిపోయినంత పనైంది. టెర్మినల్ పట్టుకుంటే చేతిలో కదిలింది. తీసి, గరుకు కాగితంతో రుద్ది, పది నంబరు స్పానరుతో బిగించాను. బండి లేచింది. పైసా ఖర్చు కాలేదు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు.

నేను పని నేర్చుకున్న షెడ్డులో రెండేళ్లు స్పానర్లు అందించాను, సామాన్లు కడిగాను. మేస్త్రి మీటరు బయటికి తీస్తే నన్ను టీకి పంపేవాడు. "తండావోనికి ఇదెందుకప్పా" అని నవ్వేవాడు. పదో తరగతి భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం చదివాను గనక, పాత మీటరు ఒకటి కొనుక్కొని పాడైన బండ్ల మీద నేనే చూసుకున్నాను. చిలుము పట్టిన చోట నిరోధం పెరుగుతుంది, అక్కడే వోల్టేజి పోతుంది. పుస్తకంలోని మాట బండిలో కనబడింది.

వినడం, తాకడం, చూడడం మనకు కొత్త కాదు. మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊళ్లకు ఊళ్లు తిరిగినవాళ్లు. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పోగొట్టాయి. మా తాత ఎద్దు ముట్టె తడి చూసి, నెమరు వేస్తుందో లేదో చూసి దానికి ఒంట్లో ఎట్లుందో చెప్పేవాడు. అడిగితే విప్పి చెప్పేవాడు, దాచేవాడు కాదు.

అయ్యవార్లకు ఒక మనవి. కరెంటు పాఠం చెప్పే రోజు ఒక మీటరు, ఒక పాత బ్యాటరీ బడికి తీసుకురండి. తండా పిల్లల చేతికే మీటరు ఇవ్వండి. షెడ్డుకు పోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేదేమంటే, స్పానరు అందించేటప్పుడు "ఎందుకు?" అని అడగండి. బండి మీద చెయ్యి వేసేముందు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, దాన్నుంచి మండే గాలి వస్తుంది. విప్పేటప్పుడు మైనస్ లీడు ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.