అమ్మీ కడుపు సంగతి

మా ఎల్లారెడ్డి ఇంట్లో కడుపు సంగతి బయటికి చెప్పుకోవడమంటే పెద్ద శరమ్. అమ్మీ ఏళ్ల తరబడి ఖబ్జ్‌తో, గ్యాస్‌తో తిప్పలు పడింది. నమాజ్ మధ్యలో వుజూ పోతే చప్పుడు చేయకుండా లేచి మళ్లీ చేసుకునేది. షాదీ దావత్‌లకు పోవడం మానేసింది. ఎవరన్నా అడిగితే మోకాళ్ల నొప్పులని బహానా చెప్పేది.

పోయిన రంజాన్ తర్వాత నొప్పి ఎక్కువైతే కామారెడ్డి దవాఖానాకు తీసుకుపోయిన. స్కానింగ్ రిపోర్టులో 'డైవర్టిక్యులా' అని రాశారు. పెద్దపేగు గోడ బలహీనంగా ఉన్నచోట బయటికి ఉబ్బిన చిన్న సంచులవి. నాకు పరేషాన్ అయింది. అమ్మీ మాత్రం "చూసినవా బేటా, నా తక్లీఫ్‌కు పేరు దొరికింది" అని ఖుష్ అయింది.

డాక్టర్ సాబ్ ఆ ఖుషీకి కొంచెం బ్రేకు వేశారు. వయసు పైబడ్డవాళ్లలో చాలామందికి ఈ సంచులుంటాయి, ఎక్కువమందికి వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. ఖబ్జ్, గ్యాస్, ఉబ్బరం సంచులు లేనివాళ్లకూ వస్తాయి. రెండూ ఒకే కడుపులో కనిపించినంత మాత్రాన ఒకదానికి ఇంకొకటి కారణం అనుకోవద్దన్నారు. సంచులు వాచి చీము పడితే మాత్రం ఆ సంగతి వేరు. జ్వరం వస్తుంది, ఒకేచోట నొప్పి పట్టుకుని వదలదు. మన ఆసియా వాళ్లలో అది కుడివైపు వచ్చి అపెండిక్స్ నొప్పిలా కూడా అనిపించొచ్చు. మలంలో రక్తం కనిపిస్తే పైల్స్ అనుకుని ఊరుకోకుండా చూపించుకోవాలన్నారు.

ఇంటికొచ్చినంక ఖాలా హుకుం జారీ చేసింది: "మక్కలు, బాదంపప్పు బంద్! సంచుల్ల ఇరుక్కుంటయి." ఈ భయం డాక్టర్లకు కూడా ఉండేదట. 47 వేలమంది మగవాళ్లను 18 ఏళ్లు గమనించిన ఒక అమెరికా పరిశోధన 2008లో అచ్చయింది. మక్కలు, బాదం లాంటివి తిన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువేమీ కాలేదని అందులో తేలింది.

ఇప్పుడు అమ్మీ జొన్నరొట్టె, ఆకుకూర తింటోంది. ఇసబ్‌గోల్ కొంచెం కొంచెంగా మొదలుపెట్టింది, నీళ్లు బాగా తాగుతోంది. గ్యాస్ పూర్తిగా పోలేదు, కానీ దాచుకోవడం పోయింది. అల్హందులిల్లాహ్.

ఇదంతా అమ్మీ నోరు విప్పి చెబుతుంటే విన్న ఖాలా, మరునాడు నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి, "నాకు గూడ రెండేండ్ల సంది అప్పుడప్పుడు రక్తం పడుతది బేటా. ఎవరికి చెప్పాల్నో తెల్వలే" అంది.

ఆ రోజే మళ్లీ కామారెడ్డి బస్సెక్కినం.