ఎచ్చెర్ల మీదుగా సౌత్ జోన్‌కు

శ్రీకాకుళం జిల్లాలో బాస్కెట్‌బాల్ ఆడే డిగ్రీ కుర్రాడికి 2008కి ముందు దారి ఒక్కటే. కాలేజీ జట్టులో ఆడాలి, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంటర్ కాలేజియేట్‌కు వెళ్లాలి, అక్కడ విశాఖపట్నం కుర్రాళ్లను దాటుకుని యూనివర్సిటీ పన్నెండు మందిలో చోటు సంపాదించాలి. ఆ ఏడాది జూన్ 25న ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1977 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా ఉన్న ప్రాంగణమే అది. జిల్లాలోని డిగ్రీ కాలేజీల అఫిలియేషన్ కొత్త యూనివర్సిటీకి మారింది. పట్టాల మీద పేరు మారిన సంగతి ఇంటింటికీ తెలుసు. జెర్సీ మీద పేరు మారినందువల్ల ఆటకు ఏం జరిగిందో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అది చూడ్డానికే వెళ్లాను.

శ్రీకాకుళం కాంప్లెక్సులో వైజాగ్ వైపు వెళ్లే బస్సెక్కితే కుశాలపురం దాటాక ఎచ్చెర్ల వస్తుంది. అక్కడ అంబేడ్కర్ యూనివర్సిటీ. అదే మండలంలో ఎస్.ఎం.పురం దగ్గర ట్రిపుల్ ఐటీ ఉంది. 2016లో మొదలైన ఈ క్యాంపస్ రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ (ఆర్‌జీయూకేటీ)కి ఉన్న నాలుగింటిలో ఒకటి. ఇంకాస్త ముందుకు, చిలకపాలెం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అవి విజయనగరంలోని జేఎన్‌టీయూ-గురజాడ కిందకు వస్తాయి. అంటే హైవే మీద ఆ కాస్త దూరంలోనే మూడు యూనివర్సిటీల పిల్లలు చదువుతున్నారు. మూడు చోట్లా ఇద్దరేసి మంచి ఆటగాళ్లు ఉన్నారనుకోండి, ఆ ఆరుగురూ ఒక జట్టు కాలేరు. సాయంత్రం ఒకే కోర్టులో కలిసి ప్రాక్టీసు చేసుకోవచ్చు, ఒకే బస్సులో ఇంటికి పోవచ్చు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మాత్రం మూడు వేర్వేరు జెర్సీలు వేసుకోవాల్సిందే.

నేను సాయంత్రం గడిపిన కోర్టు యూనివర్సిటీది కాదు, పట్టణానికి చేరువలోని ఒక డిగ్రీ కాలేజీది. తన పేరూ కాలేజీ పేరూ రాయవద్దని అక్కడి ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) గారు ముందే చెప్పారు. సిమెంటు కోర్టు, 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, కొలతల్లో ఏ లోటూ లేదు. గీతలు మాత్రం చాలాచోట్ల చెరిగిపోయాయి. మూడు పాయింట్ల గీత ఎక్కడుందో పిల్లల కాళ్లకే తెలుసు, చూడక్కర్లేదు. ఎనిమిది మంది అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఉన్నారు. వరుసగా లే-అప్‌లు వేస్తున్నారు. సిమెంటు మీద బూటు అడుగు తొందరగా అరిగిపోతుంది. ఒకడు బూటు విప్పి చూపించాడు, బొటనవేలి కింద బట్ట కనిపిస్తోంది. మోకాళ్లకు అంతకంటే ఎక్కువ దెబ్బ. ఇండోర్ కోర్టులో చెక్క నేల పాదాన్ని కాస్త తిరిగి లేపుతుంది, సిమెంటు ఆ పని చేయదు.

వానొస్తే ఆట బందు. ఇక్కడ వాన ఊరికే రాదు. కాలేజీ పోటీలు, యూనివర్సిటీ సెలక్షన్స్ జరిగే రోజులూ, తుపాన్లు వచ్చే రోజులూ ఒకటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ ఆ కాలంలోనివే. ఏడాదంతా ఆడి, సరిగ్గా జట్టు కూర్చుకోవలసిన నెలలో పిల్లలు వరండాలో నిలబడి చినుకులు చూస్తుంటారు. పైకప్పున్న కోర్టు తీర జిల్లాకు విలాసం కాదు.

పీడీ గారు పెద్దాయన. కుర్రతనంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సెలక్షన్స్‌కు వెళ్లినవారు.

‘‘మాస్టారూ, అప్పుడెలా ఉండేది?’’ అని అడిగాను.

‘‘ఎలా ఉండేదంటే బాబూ, మేం ఇక్కడ సిక్కోలులో పెద్ద ఆటగాళ్లం. వైజాగ్ ఎల్లాక తెలిసేది. అక్కడి కుర్రాళ్లు చిన్నప్పట్నుంచి క్లబ్బులో ఆడినోళ్లు, పోర్టు జట్టుతో, స్టీల్‌ప్లాంటు జట్టుతో ఆడినోళ్లు. మేం ఆ సెలక్షన్ చూసి, ఆళ్ల ఆట చూసి, తిరిగి వచ్చేసేవాళ్లం. చోటు దొరకనేదు. కానీ ఆట నేర్చుకున్నాను.’’

‘‘మరి ఇప్పుడు?’’

‘‘ఇప్పుడు మా పిల్లలు సౌత్ జోన్ ఆడతన్నారు. అది చిన్న విషయం కాదు బాబూ. నాకు రాని అవకాశం ఆళ్లకు వచ్చింది.’’

ఈ రెండు మాటల మధ్యనే అసలు విషయమంతా ఉంది. ఒక యూనివర్సిటీకి అబ్బాయిల జట్టులో పన్నెండు, అమ్మాయిల జట్టులో పన్నెండు చోట్లు ఉంటాయి. ఉత్తరాంధ్ర అంతా ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉన్నప్పుడు ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఉన్న కాలేజీలన్నిటికీ ఆ ఇరవై నాలుగు చోట్లే. ఇప్పుడు ఒక్క అంబేడ్కర్ యూనివర్సిటీకే ఇరవై నాలుగు ఉన్నాయి. 2008కి ముందు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో యూనివర్సిటీయే లేదు. ఆ తర్వాత ఎచ్చెర్లలో ఇది వచ్చింది, విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022లో జేఎన్‌టీయూ-గురజాడ వచ్చాయి. ప్రైవేటు యూనివర్సిటీ కూడా ఉంది. వచ్చిన ప్రతి యూనివర్సిటీతో జట్టులో చోట్లు పెరిగాయి.

ఆ చోటు విలువ ఎంతో కోర్టు పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది. పొందూరు వైపు పల్లె ఆమెది. ‘‘ఇంటర్ యూనివర్సిటీ ఆడొస్తే ఫారం త్రీ ఇస్తారు సార్. అది ఉందని చెబితేనే మా అమ్మ పంపుతాది. నేకపోతే ఆటలేటి, ఇంటికి రా అంటాది.’’ ఫారం-3 అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో చెల్లే ధ్రువపత్రం. అంతర్జాతీయ పోటీలకు ఫారం-1, జాతీయ పోటీలకు ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ స్కూలు క్రీడలకు ఫారం-4. ఫారం-3 యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకంతో వస్తుంది. రాష్ట్రంలో కూడా 2024 క్రీడా విధానం ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఆడుతున్న కుర్రాళ్లలో ఒకడి తండ్రి గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పని చేస్తున్నాడు. కళింగపట్నం తీరం నుంచి ఏటా అలా వెళ్లేవాళ్లు ఎందరో. ఆ ఇంట్లో కానిస్టేబుల్ ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో అంటే తరం మారినట్టే. కాబట్టి చిన్న యూనివర్సిటీ వచ్చినందువల్ల ఆట పలచబడిందని పట్నంలో కూర్చుని అనేవాళ్లతో నేను ఏకీభవించను. పల్లె పిల్లకు జెర్సీ దొరికింది. దాన్ని వెనక్కి తీసుకోమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ జెర్సీ వేసుకుని ఆమె ఎన్ని మ్యాచ్‌లు ఆడుతుంది?

భారత విశ్వవిద్యాలయాల సంఘం దేశాన్ని ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర అని నాలుగు జోన్లుగా చేసి పోటీలు నడుపుతుంది. తెలుగు రాష్ట్రాలు, తమిళనాడు, కర్ణాటక, కేరళ యూనివర్సిటీలు సౌత్ జోన్‌లో ఉంటాయి. ముందు నాకౌట్, చివరి నాలుగు జట్లకు లీగ్, ఆ నాలుగూ అఖిల భారత పోటీకి వెళతాయి. అక్కడ ముందు నిలిచినవాటికి 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల పిలుపు వస్తుంది. దక్షిణంలో బాస్కెట్‌బాల్ అంటే చెన్నై, బెంగళూరు, కేరళ. ఆ ప్రాంతాల యూనివర్సిటీలు ఆటగాళ్లను స్కూలు నాడే గుర్తించి, హాస్టలు, తిండి, ఫీజు చూసుకుని చేర్చుకుంటాయి. ఎచ్చెర్ల జట్టుకు మొదటి రౌండులో అలాంటి జట్టు తగిలితే పది నిమిషాల క్వార్టర్లు నాలుగు గడిచేసరికి ఏడాది ముగుస్తుంది. ఆమదాలవలసలో రైలెక్కి, ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి, నలభై నిమిషాలు ఆడి, మళ్లీ రైలెక్కడం. ‘‘ఓడిపోతే బాధ నేదు సార్, అప్పుడప్పుడే ఆట అర్థమవతాది, అంతలోనే అయిపోద్ది’’ అన్నాడు తండ్రి వెరావల్‌లో ఉన్న ఆ అబ్బాయి. నాకు ఆ సాయంత్రం విన్న మాటల్లో ఇదే ముఖ్యమైనది.

ఇంజినీరింగ్ పిల్లల సంగతి ఇంకో రకం. టెక్కలిలోనో రాజాంలోనో చదివినవాళ్లు ముందు పాత జేఎన్‌టీయూ పిల్లలు. 2008లో అది ముక్కలయ్యాక కాకినాడ పిల్లలయ్యారు. 2022లో విజయనగరం పిల్లలయ్యారు. పదిహేనేళ్ల లోపే మూడు పేర్లు. మార్పు సమయంలో ఒకే కాలేజీలో సీనియర్ కాకినాడ జట్టుకు, జూనియర్ విజయనగరం జట్టుకు. అదే 2022 ఏప్రిల్‌లో జిల్లాలూ విడిపోయాయి. రాజాం విజయనగరానికి, పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యానికి వెళ్లాయి.  ఈ మార్పులు వేటినీ ఆటను దృష్టిలో పెట్టుకుని చేయలేదు. పరిపాలన కోసం చేశారు, ఆట వెనక నడిచింది.

జట్ల సరిహద్దులు మార్చే ఇదే పని అమెరికాలో టీవీ డబ్బు కోసం జరుగుతోంది. అక్కడ యూనివర్సిటీల జట్లు కాన్ఫరెన్సులుగా, అంటే చుట్టుపక్కల యూనివర్సిటీల కూటములుగా ఆడేవి. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ తమ పసిఫిక్ తీరపు కూటమి పాక్-12ను వదిలేస్తున్నామని 2022 జూన్ 30న ప్రకటించి, 2024లో బిగ్ టెన్‌లో చేరాయి. మిగతావీ తలోదారి పట్టాయి. ఆ ఏడాదికి పాక్-12లో ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరింది. యూసీఎల్ఏ బాస్కెట్‌బాల్ జట్టు ఇప్పుడు కూటమి మ్యాచ్ కోసం దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల దూరంలోని న్యూజెర్సీకి వెళ్లాలి.  అక్కడి ఆటగాళ్లనూ ఎవరూ అడగలేదు. కానీ ఒక తేడా ఉంది. కూటమి ఏదైనా అక్కడి జట్టుకు సీజనులో ముప్ఫైకి చేరువగా మ్యాచ్‌లు ఉంటాయి. మనకు యూనివర్సిటీలు పెరిగాయి, మ్యాచ్‌లు పెరగలేదు.

జోన్ గీత కూడా నన్ను ఆలోచింపజేసింది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం ఎంతో దూరం లేదు. పెళ్లి బట్టలకు, ఆసుపత్రికి ఇక్కడివాళ్లు అక్కడికి పోతుంటారు. ఆ ఊళ్లో తెలుగు వినిపించని వీధి తక్కువ. అక్కడా యూనివర్సిటీ ఉంది, కానీ ఒడిశా ఈస్ట్ జోన్. పక్కనున్న బరంపురం జట్టుతో ఎచ్చెర్ల జట్టుకు జోన్ పోటీల్లో మ్యాచ్ ఉండదు, తొమ్మిది వందల కిలోమీటర్ల అవతలి మద్రాసు జట్టుతో ఉండవచ్చు.

ఈ నేలలో బలానికి లోటు లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి లోకానికి కలియుగ భీముడు కాకముందు విజయనగరంలో స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడు, ఇప్పటి మాటలో పీడీ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటింటా వెయిట్‌లిఫ్టర్లే అన్నట్టు ఉంటుంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. ఒక బారు, నాలుగు ప్లేట్లు, ఒక మంచి గురువు ఉంటే లిఫ్టర్ తయారవుతాడు. ఎత్తే బరువు ఊసవానిపేటలోనైనా సిడ్నీలోనైనా ఒకటే కాబట్టి రోజూ తన స్థాయి తనకు తెలుస్తుంది. బాస్కెట్‌బాల్ అలా కాదు. అవతల తనకంటే బాగా ఆడే ఐదుగురు నిలబడితే తప్ప తాను ఎంతవాడో తెలియదు. ఆ ఐదుగురిని తెచ్చి నిలబెట్టడం ఒక పల్లె వల్ల, ఒక కోచ్ వల్ల అయ్యే పని కాదు. అది సంస్థల పని. జట్టు ఆటల్లో ఉత్తరాంధ్ర వెనకబడటానికి పిల్లల్లో ఉన్న లోపం కారణం కాదని, వాళ్ల ముందు ప్రత్యర్థిని నిలబెట్టని పెద్దలదే ఆ బాధ్యత అని కోర్టు గట్టు మీద కూర్చున్నంతసేపూ అనిపించింది.

పీడీ గారిని చివరగా ఒకటే అడిగాను. మీ చేతిలో ఉంటే ఏం చేస్తారు?

‘‘యూనివర్సిటీలు కలపమని అడగను బాబూ. ఎవురి జట్టు ఆళ్లకే ఉండనీ. సౌత్ జోన్‌కు ఎల్లే ముందు మాకు పది మ్యాచ్‌లు పెట్టించండి, చాలు.’’

నేను అడుగుతున్నదీ అదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలు 2008 దాకా ఆ గూటి పిల్లలే. ఆంధ్ర, ఎచ్చెర్ల, విజయనగరం యూనివర్సిటీలు ట్రిపుల్ ఐటీని, వీలైతే బరంపురాన్ని కలుపుకొని ఏటా సెప్టెంబరులో, అక్టోబరు తుపాన్లకు ముందే, ఇంటా బయటా పద్ధతిలో ఒక లీగ్ ఆడించుకోవచ్చు. ఐదు జట్లుంటే ఒక్కో జట్టుకు ఎనిమిది మ్యాచ్‌లు వస్తాయి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, జోన్ మార్చక్కర్లేదు. బస్సు ఖర్చు, రిఫరీల భత్యం, పిల్లలకు భోజనం కావాలి. రిజిస్ట్రార్లు, వ్యాయామ విద్యా విభాగాల పెద్దలు ఒక్కసారి కూర్చుని తేదీలు రాసుకోవాలని వేడుకుంటున్నాను. జిల్లాలో స్థిరపడిన పాత ఆటగాళ్లు, విశాఖలోనూ విదేశాల్లోనూ ఉన్న పూర్వ విద్యార్థులు ఆ ఖర్చులో ఒక పాలు పంచుకోండి.