కట్టాఫ్ లేని చార్జర్

మా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోటు విశాఖ హార్బర్‌లో కట్టేసి ఉంది. షాఫ్టు దగ్గర ఊరే నీళ్లు తోడే పంపు నడవాలి కాబట్టి గట్టు మీంచి కరెంటు వైరు లాగి బ్యాటరీలకు చార్జర్ తగిలించారు. ఓనరు మాట్లాడిన ఎలక్ట్రీషియన్ పెట్టిన పాతకాలపు చార్జర్ అది. బ్యాటరీ నిండినా ఆగదు. రాత్రింబవళ్లు ఎక్కిస్తూనే ఉంది. లోపల నీళ్లు ఇగిరి ప్లేట్లు పైకి తేలాయి. బోటు విప్పేముందు ఆ ఎలక్ట్రీషియన్ డిస్టిల్డ్ వాటర్ పోసి, మీటరు పెట్టి, "25 వోల్టులుంది, ఢోకా లేదు" అన్నాడు. లోడ్ పెట్టి చూడలేదు. వోల్టేజీ ఉందిగానీ బ్యాటరీల్లో సత్తువ చచ్చిపోయింది.

మొదటి వేటలోనే అర్ధరాత్రి ప్రొపెల్లర్‌కి తాడు చుట్టుకుంది. ఇంజన్ ఆపాం. కుర్ర కళాసీ ఒకడు నడుముకి తాడు కట్టుకుని, కత్తితో దిగి కోశాడు. అంతసేపూ దీపాలు, పంపు, వైర్‌లెస్ అన్నీ బ్యాటరీల మీదే. సరంగు సెల్ఫ్ కొడితే టక్‌మంది. మళ్లీ కొడితే అదీ లేదు. బల్బులో తీగ ఎర్రబడి ఆరిపోయింది. జీపీఎస్ పోయింది. ఎవర్నైనా పిలుద్దామంటే వైర్‌లెస్సూ పోయింది.

ఇంజన్ రూములో నీళ్లు మోకాళ్లకొచ్చాయి. చేతులు బొబ్బలెక్కేదాకా బకెట్లతో తోడాం. దానికంటే ఓడల భయం ఎక్కువ. దీపంలేని చెక్క బోటు పోర్టుకొచ్చే పెద్ద ఓడలకు ఎలా కనిపిస్తుంది? ఒక ఓడ ఎర్రదీపం, పచ్చదీపం రెండూ ఒకేసారి కనిపించాయి. అలా కనిపిస్తే దాని ముక్కు మనమీదికే ఉన్నట్టు. గోనెపట్టా డీజిల్‌లో ముంచి, గడకు చుట్టి, వెలిగించి ఊపాం. వినబడదని తెలిసీ అరిచాం. చాలాసేపటికి పచ్చదీపం మాయమై ఎర్రది ఒక్కటే మిగిలింది. ఓడ తిరిగింది. సరంగు అక్కడే కూలబడి ఏడ్చాడు.

తెల్లారాక ఇంకో బోటువాళ్లు వాళ్ల బ్యాటరీలు దించి ఇచ్చారు.

కొత్త బ్యాటరీలు వేస్తే చాలన్నాడు ఓనరు. చాలదన్నాం, బోటెక్కేది లేదన్నాం. ఇప్పుడు సెల్ఫ్‌కి విడిగా ఒక జత, దీపాలకూ పంపుకూ వైర్‌లెస్‌కూ ఇంకో జత. డైనమో తిరుగుతున్నప్పుడు రిలే రెండింటినీ కలుపుతుంది, ఇంజన్ ఆగాక విడదీస్తుంది. గట్టు మీది కొత్త చార్జర్ ఒక్కో 12 వోల్టుల బ్యాటరీకి 14.4 దాకా ఎక్కించి, నిండాక 13.6కి తనే దిగుతుంది. అయినా లోడ్ పెట్టి చూపించందే తాడు విప్పనివ్వం.